తల్లి బాగానే ఉంది.. మరి కడుపులో బిడ్డ? గర్భిణి ఒంట్లోకి చేరే రసాయనాలు ఏం చేస్తాయంటే..

చేలో పురుగుమందు వాసన తగిలింది, ఓ పూట తలనొప్పితో పోయింది. బీడీ తంబాకు ఘాటుకు నాలుగు తుమ్ములొచ్చి ఆగిపోయాయి. ముఖానికి రాసిన క్రీమ్‌తో రంగు తేలిందే తప్ప ఒక్క పొక్కు కూడా రాలేదు. ఇలాంటప్పుడు కడుపుతో ఉన్న మహిళ, ఆమె ఇంట్లోవాళ్లు అనుకునేది ఒక్కటే.. తల్లికి ఏమీ కాలేదు కదా, బిడ్డకూ ఏమీ అయ్యుండదులే అని. ఒకప్పుడు డాక్టర్లు కూడా ఇలాగే నమ్మారు. ఆ నమ్మకం తప్పని తేలేసరికి వేల మంది పిల్లలు వైకల్యంతో పుట్టారు.

తల్లి ఒంట్లో ఏ లక్షణమూ చూపించని మోతాదే బిడ్డ మెదడుకు ఎక్కువ కావచ్చు. అందుకే గర్భిణుల విషయంలో "నాకు బాగానే ఉంది" అన్న మాటతో సరిపెట్టుకోవడానికి వీల్లేదు. అసలు రసాయనం బిడ్డ దాకా ఎలా వెళ్తుంది? ఏ నెలలో ఏం జరుగుతుంది? మన ఇళ్లలో, మన పొలాల్లో ఉన్న ముప్పు ఏంటి? వివరాల్లోకి వెళ్తే..

మాయ అడ్డుకోదా?

తల్లి రక్తం, బిడ్డ రక్తం నేరుగా కలవవు. మధ్యలో మాయ ఉంటుంది. ఆక్సిజన్, తిండి అటు నుంచి ఇటు వస్తాయి, వ్యర్థాలు ఇటు నుంచి అటు వెళ్తాయి. మాయ అన్నింటినీ వడకట్టేస్తుందని చాలాకాలం అనుకున్నారు. నిజానికి అది జల్లెడ లాంటిది. ఇన్సులిన్, హెపారిన్ లాంటి పెద్ద అణువులను చాలావరకు ఆపుతుంది. చిన్నవి, కొవ్వులో కరిగేవి మాత్రం దాటిపోతాయి. మద్యం, నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్, చాలా రకాల పురుగుమందులు, నిద్రమాత్రలు ఈ కోవలోవే.

కొన్ని విషాలైతే మారువేషంలో వెళ్తాయి. సీసం ఒంట్లో కాల్షియం దారిలో నడుస్తుంది. మిథైల్ పాదరసం ఒక అమైనో ఆమ్లంతో జత కట్టి, బిడ్డకు అవసరమైన పోషకంలా కనిపిస్తుంది. దాంతో మాయ దాన్ని ఆపకపోగా తనే మోసుకెళ్లి అవతల అప్పగిస్తుంది. అందుకే బొడ్డుతాడు రక్తంలో మిథైల్ పాదరసం తల్లి రక్తంలో కన్నా ఎక్కువగా ఉంటుంది.

అవతలి వైపు బిడ్డ పరిస్థితి వేరు. విషాన్ని విరగ్గొట్టే కాలేయం, బయటకు పంపే కిడ్నీలు ఇంకా తయారవుతూనే ఉంటాయి. మెదడుకు ఉండాల్సిన రక్షణ పొర పూర్తిగా ఏర్పడదు. తల్లి ఒళ్లు రెండు రోజుల్లో వదిలించుకునేది బిడ్డలో ఇంకొన్నాళ్లు ఉండిపోవచ్చు.

అమెరికాలో 2005లో ఓ పర్యావరణ సంస్థ పది మంది నవజాత శిశువుల బొడ్డుతాడు రక్తాన్ని పరీక్షిస్తే మొత్తం 287 పారిశ్రామిక రసాయనాలు, కాలుష్యాల ఆనవాళ్లు బయటపడ్డాయి. ఇటలీ పరిశోధకులు ఆరుగురు తల్లుల మాయను పరీక్షిస్తే నలుగురిలో మైక్రోప్లాస్టిక్ ముక్కలు కనిపించాయి. ఇక్కడ ఓ మాట గుర్తుంచుకోవాలి. ఆనవాలు దొరకడం వేరు, హాని జరగడం వేరు. ఎంత మోతాదు, ఎన్నాళ్లు, ఏ నెలలో అన్నదాన్ని బట్టే అసలు లెక్క.

మినమాటాలో ఏం జరిగింది?

జపాన్‌లోని మినమాటా.. సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊరు. చేపలే అక్కడివాళ్ల తిండి, చేపలే జీవనం. చిస్సో కంపెనీ ఫ్యాక్టరీ వదిలిన వ్యర్థ జలాల్లోంచి పాదరసం సముద్రంలోకి, చేపల్లోకి, అక్కడి నుంచి మనుషుల్లోకి చేరింది. కాళ్లూ చేతులూ వణకడం, చూపు తగ్గడం, మాట తడబడటం.. 1956లో ఈ జబ్బును అధికారికంగా గుర్తించారు.

కానీ డాక్టర్లను తికమక పెట్టింది పెద్దవాళ్లు కాదు. అదే ఊళ్లో కొంతమంది పిల్లలు పుట్టుకతోనే మెడ నిలపలేక, మాట రాక, కాళ్లూ చేతులూ బిగుసుకుపోయి ఉన్నారు. వాళ్లు ఒక్క చేప కూడా తినలేదు. వాళ్లను కన్న తల్లుల్లో చాలామంది ఆరోగ్యంగానే కనిపించారు, కొందరిలో చిన్నపాటి లక్షణాలు తప్ప ఏమీ లేవు. తల్లి బాగుంటే బిడ్డకు విషం ఎలా ఎక్కుతుందని అప్పటి వైద్యులు కొట్టిపారేశారు. చివరికి 1962లో గానీ, ఆ పిల్లలకు విషం కడుపులోనే ఎక్కిందని అధికారికంగా ఒప్పుకోలేదు.

ఈ కథలో ఓ సాక్ష్యం ఇళ్లలోనే భద్రంగా ఉండిపోయింది. జపాన్‌లో బిడ్డ బొడ్డుతాడును ఎండబెట్టి చిన్న పెట్టెలో దాచుకునే ఆచారం ఉంది. తర్వాతి కాలంలో పరిశోధకులు ఆ ఎండిన ముక్కలను సేకరించి పరీక్షిస్తే అందులో మిథైల్ పాదరసం దొరికింది. ఏ ఏడాది పుట్టిన బిడ్డ ఎంత విషం మోశాడో అవే చెప్పాయి.

తల్లి తిన్న విషంలో కొంత బిడ్డలోకి వెళ్లిపోయిందన్నమాట. వినడానికి ఘోరంగా ఉన్నా జరిగింది అదే.

ఏ నెలలో తగిలితే ఏమవుతుంది?

అదే రోజుల్లో జర్మనీలో ఇంకో ఘోరం. 1957లో థాలిడోమైడ్ అనే మాత్ర మార్కెట్‌లోకి వచ్చింది. నిద్ర పడుతుందని, వేవిళ్లు తగ్గుతాయని గర్భిణులు కూడా వాడారు. 1961 నవంబర్‌లో అక్కడ దాన్ని వెనక్కి తీసుకునేసరికి నష్టం జరిగిపోయింది. ప్రపంచవ్యాప్తంగా పది వేల మందికి పైగా పిల్లలు చేతులు, కాళ్లు సరిగా ఏర్పడకుండా పుట్టారు. తల్లులకు మాత్రం ఏమీ కాలేదు, హాయిగా నిద్ర పట్టిందంతే.

ఈ మందు వైద్యులకు నేర్పిన అసలు పాఠం తేదీల గురించి. గర్భం నిలిచిన 20వ రోజు నుంచి 36వ రోజు మధ్య వాడినవాళ్ల పిల్లలే ఎక్కువగా దెబ్బతిన్నారు. ఆ రోజుల్లో పడితే ఒక్క మాత్ర కూడా చాలు. ఆ గడువు దాటాక వేసుకున్న చాలామందికి మామూలు పిల్లలే పుట్టారు.

మొదటి రెండు వారాల్లో గట్టి దెబ్బ తగిలితే సాధారణంగా గర్భమే నిలవదు, లేదంటే పూర్తిగా కోలుకుంటుంది. మూడో వారం నుంచి ఎనిమిదో వారం దాకా గుండె, వెన్ను, కాళ్లు చేతులు, ముఖం రూపు కట్టుకుంటాయి. అవయవ లోపాలు ఎక్కువగా మొదలయ్యేది ఇక్కడే. వెన్నుపాము గొట్టం మూసుకోవడం అయితే 28వ రోజుకల్లా అయిపోతుంది. చాలామంది మహిళలు నెల తప్పిందని గుర్తించి, స్ట్రిప్ తెచ్చి చూసుకునేసరికి ఈ గడువులో సగం గడిచిపోతుంది. ఫోలిక్ యాసిడ్ మాత్రలు గర్భం రాకముందు నుంచే మొదలుపెట్టమని డాక్టర్లు పోరు పెట్టేది ఇందుకే.

మెదడుకు మాత్రం ఇలాంటి గడువేమీ లేదు. తొమ్మిది నెలలూ, పుట్టాక కూడా అది ఎదుగుతూనే ఉంటుంది. చివరి నెలల్లో తగిలిన విషం స్కాన్‌లో కనపడదు. బడిలో వేశాక.. చదువు ఎక్కకపోవడంలోనో, కుదురు లేకపోవడంలోనో బయటపడొచ్చు.

సీసం.. పాతికేళ్ల కిందటిది కూడా బయటికొస్తుంది

తెలుగువాళ్ల ఇళ్లకు సంబంధించి ఎక్కువ చెప్పుకోవాల్సింది సీసం గురించే. దీని తీరే వేరు. రక్తంలో చేరిన సీసం నెల రోజుల్లో సగానికి తగ్గుతుంది. కానీ అదంతా బయటకు పోదు. ఎముకల్లోకి చేరి దశాబ్దాలు అక్కడే ఉంటుంది. పెద్దవాళ్ల ఒంట్లో ఉండే సీసంలో 90 శాతానికి పైగా ఎముకల్లోనే.

ఆడపిల్ల చిన్నప్పుడు బ్యాటరీలు కరిగించే షెడ్డు పక్కన పెరిగింది అనుకుందాం. పాతికేళ్లకు గర్భం వచ్చింది. బిడ్డ ఎముకల కోసం ఒంట్లో కాల్షియం గిరాకీ పెరుగుతుంది. తిండిలో చాలకపోతే తల్లి ఎముక కరిగి కాల్షియం బయటికొస్తుంది.. దాంతోపాటే పాత సీసం కూడా. ఇప్పుడు ఆమె చుట్టూ సీసమే లేకపోయినా బిడ్డకు అందుతుంది. పాలు, పెరుగు, రాగులు, డాక్టర్ రాసిన కాల్షియం మాత్ర.. వీటికి ఎముకల బలం ఒక్కటే కాదు, ఈ పని కూడా ఉంది.

సీసం వల్ల తల్లికి బీపీ పెరగొచ్చు. అబార్షన్, నెలలు నిండకుండా కాన్పు, బిడ్డ బరువు తగ్గడం లాంటి ముప్పులున్నాయి. అన్నింటికన్నా ముఖ్యంగా మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. ఇంత వరకైతే ఫర్వాలేదు అనే సురక్షిత స్థాయే సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గర్భిణి రక్తంలో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉంటే ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆపాల్సిందేనని 2021లో మార్గదర్శకాలు ఇచ్చింది.

అది ఎక్కడి నుంచి వస్తుంది? బంగ్లాదేశ్ పల్లెల్లో గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా కనిపిస్తే పరిశోధకులు ఆరా తీశారు. చివరికి దొరికిన దొంగ.. పసుపు. కొమ్ములు పచ్చగా మెరవడానికి పాలిష్ పట్టేటప్పుడు లెడ్ క్రోమేట్ అనే రంగు కలుపుతున్నారు. 2019లో అక్కడి మార్కెట్ల శాంపిళ్లలో 47 శాతం కల్తీవని తేలింది. ప్రభుత్వం దాడులు చేసి, జరిమానాలు వేసి, ప్రచారం చేశాక 2021కల్లా అది సున్నాకు పడిపోయింది. పొడి కొనకుండా కొమ్ములు తెచ్చి మర పట్టించుకుంటే చాలనుకోవడం సరికాదు. రంగు పూసేది కొమ్ములకే. కాస్త మట్టి రంగులో, గరుకుగా ఉన్న కొమ్ములే నయం, తళతళలాడే వాటి జోలికి పోకపోవడం మంచిది.

సుర్మా కూడా అంతే. ఆముదం దీపం మీద పట్టే కాటుక వేరు, రాయి నూరి చేసే సుర్మా వేరు. ఆ రాయి చాలాసార్లు సీసం ఖనిజమే. కొన్ని రకాల సిందూరంలో, లైసెన్స్ లేనివాళ్లు అమ్మే భస్మాల్లో, నాసిరకం కళాయి పూతలో, పాత ఇంటి పెయింట్ గీకినప్పుడు లేచే దుమ్ములో కూడా సీసం ఉండొచ్చు. పెయింట్‌లో సీసం 90 పీపీఎం దాటకూడదని మన దేశంలో నిబంధన అమలులోకి వచ్చింది 2017 నవంబర్‌లో. అంతకుముందు వేసిన రంగులు చాలా గోడల మీద, కిటికీల మీద ఇంకా ఉన్నాయి. పురుడుకు వచ్చే అమ్మాయి కోసం ఇల్లు గీకించి రంగులు వేయించే అలవాటు ఉన్నవాళ్లు ఈ పని ఆమె రాకముందే పూర్తిచేయించి, తడి గుడ్డతో శుభ్రం చేయించాలి.

ఇంకోటి.. కడుపుతో ఉన్నప్పుడు మట్టి, బలపాలు, ఇటుక ముక్కలు తినాలనిపించడం. మన ఊళ్లలో దీన్ని వేవిళ్ల ముచ్చటగా నవ్వుతూ వదిలేస్తారు. చాలాసార్లు అది రక్తహీనతకు గుర్తు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం దేశంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. ఐరన్ తక్కువగా ఉన్న ఒళ్లు సీసాన్ని మరింత ఎక్కువగా పీల్చుకుంటుంది. అంటే మట్టి తినాలనిపించే మనిషికే మట్టిలోని సీసం ఎక్కువ ఎక్కుతుంది. ఈ విషయం డాక్టర్‌కు చెప్పడానికి సిగ్గుపడాల్సిన పనే లేదు.

పొలం, బీడీ చేట, పొగాకు బ్యారన్

మందు కొట్టేది మగవాళ్లే కదా అంటారు. కానీ డ్రమ్ములోకి నీళ్లు మోసేది, చాలాచోట్ల మందు కలిపేది, కొట్టిన మర్నాడే మిర్చి చేలోనో పత్తి చేలోనో కలుపు తీసేది ఆడవాళ్లు. సాయంత్రం ఆ బట్టలు ఉతికేదీ వాళ్లే. ఆర్గానోఫాస్ఫేట్ రకం మందులు పురుగు నరాల మీద పనిచేస్తాయి. మనిషి నరాలు నడిచేదీ అదే రసాయనంతో.

అమెరికాలో కాలిఫోర్నియాలోని సలీనాస్ లోయలో వ్యవసాయ కూలీల కుటుంబాలను బర్కిలీ యూనివర్సిటీ పరిశోధకులు ఏళ్ల తరబడి గమనించారు. గర్భంలో ఉన్నప్పుడు ఈ మందుల ఆనవాళ్లు అత్యధికంగా ఉన్న తల్లుల పిల్లలకు, అతి తక్కువగా ఉన్న తల్లుల పిల్లలకు ఏడేళ్ల వయసులో పోలిక చూస్తే సగటున 7 ఐక్యూ పాయింట్ల తేడా కనిపించింది. ఆ తల్లులెవరూ మందు తాగినవాళ్లు కాదు, స్పృహ తప్పి పడిపోయినవాళ్లు కాదు. రోజువారీ పని, రోజువారీ గాలి అంతే.

నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టే మహిళలది మరో కథ. సిగరెట్ ముట్టకపోయినా తంబాకు దుమ్ము ముక్కులోకి, నికోటిన్ వేళ్ల చర్మంలోంచి ఒంట్లోకి వెళ్తుంది. ప్రకాశం జిల్లాలో పచ్చి పొగాకు కోసి, కర్రలకు కట్టి బ్యారన్‌కు ఎక్కించే కూలీలకూ అంతే. ఆకు తడిగా ఉంటే ఇంకా ఎక్కువ. నికోటిన్ రక్తనాళాలను బిగిస్తుంది, మాయకు రక్తం తగ్గుతుంది, బిడ్డ బరువు పెరగదు. ఉత్తరాంధ్రలో అడ్డపొగ తాగే మహిళలైతే నేరుగానే తీసుకుంటున్నారు.

పని మానేయమని చెప్పడం తేలిక. రోజు కూలి పోతే ఇల్లు గడవని చోట అది సలహానే కాదు. కనీసం మందు కలిపే పని, కొట్టిన రెండు మూడు రోజుల్లో ఆ చేలోకి దిగే పని ఇంకొకరికి మార్చాలి. మందు అంటిన బట్టలు వేరేగా, వేరేవాళ్లు ఉతకాలి. బీడీ పనయితే పడుకునే గదిలో, మూసిన తలుపుల మధ్య చేయకూడదు. చేతులు సబ్బుతో కడగకుండా తిండి ముట్టకూడదు. ఇంట్లో మగవాళ్లు, మేస్త్రీలు వినాల్సిన మాటలివి.

గ్యాస్ గీజర్, కట్టెల పొయ్యి

గాలి ఆడని బాత్రూంలో గ్యాస్ గీజర్ వేసుకుని స్నానం చేస్తూ కళ్లు తిరిగి పడిపోయిన వార్తలు చలికాలంలో వస్తూనే ఉంటాయి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. గర్భిణుల విషయంలో ఇందులో ఓ మెలిక ఉంది. బిడ్డ హిమోగ్లోబిన్ ఈ వాయువును తల్లి కన్నా గట్టిగా పట్టుకుంటుంది, వదలడానికి చాలా ఎక్కువ సమయం తీసుకుంటుంది. తల్లి లేచి కూర్చుని మంచినీళ్లు తాగి మాట్లాడుతున్నా బిడ్డ రక్తంలో ఆక్సిజన్ ఇంకా తక్కువగానే ఉండొచ్చు. అందుకే "ఇప్పుడు బాగానే ఉంది" అని ఇంట్లో ఉంచేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఆక్సిజన్ తల్లికి తగ్గేవరకు కాదు, బిడ్డకు తగ్గేవరకు ఇస్తారు.

కిటికీ లేని గదిలో కట్టెల పొయ్యి, రాత్రంతా తలుపులు మూసి వెలిగించే దోమల చక్రం కూడా పొగ లెక్కలోకే వస్తాయి.

కల్లు, క్రీములు, మొటిమల మాత్ర

మద్యానికి గర్భంలో సురక్షిత మోతాదు లేదు. బీరైనా, కల్లైనా తేడా లేదు. తెలంగాణలో కొన్నిచోట్ల అమ్మే కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం లాంటివి కలుపుతున్నట్టు ఎక్సైజ్ దాడుల్లో పదే పదే బయటపడింది. ఇవి మాయను దాటేవే. పుట్టిన బిడ్డ మెత్తబడిపోయి పాలు తాగకపోవచ్చు, లేదా మత్తు అందక గుక్కపట్టి ఏడుస్తూ వణకొచ్చు. అలవాటు పడిన గర్భిణి ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వచ్చే ప్రమాదమూ ఉంది. అందుకే దాచకుండా డాక్టర్‌కు చెప్పి, వాళ్ల పర్యవేక్షణలోనే మానాలి.

లేబుల్ సరిగా లేని, వారంలో తెల్లబడతారని చెప్పి ఆన్‌లైన్‌లో అమ్మే ఫెయిర్‌నెస్ క్రీముల్లో పాదరసం ఉండే అవకాశం ఎక్కువ. మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ క్యాప్సూల్ గర్భంలో తీవ్ర లోపాలు తెస్తుంది, ఆపిన నెల తర్వాత గానీ గర్భానికి ప్రయత్నించకూడదు. దీన్ని స్నేహితురాలు వాడుతోందని తనూ కొనుక్కునే అమ్మాయిలున్నారు. అయితే ఫిట్స్, బీపీ, థైరాయిడ్ లాంటి వాటికి మందులు వాడుతున్నవాళ్లు భయపడి సొంతంగా ఆపేయకూడదు. ఫిట్స్‌కు వాడే వాల్‌ప్రోయేట్ లాంటివి మార్చాల్సి ఉంటుంది, ఆ మార్పు డాక్టర్ చేయాలి.

పుట్టబోయే బిడ్డ కోసం దాచిన పాత బట్టల్లో కలరా ఉండలు వేసే అలవాటు ఉంటే మానుకోవడం మేలు. జీ6పీడీ లోపం ఉన్న పిల్లల్లో నాఫ్తలీన్ ఎర్ర రక్తకణాలను పగలగొట్టి కామెర్లు తెస్తుంది.

గ్యాస్ లీకైతే..

1984 డిసెంబర్ 2 అర్ధరాత్రి దాటాక భోపాల్‌లో మిథైల్ ఐసోసైనేట్ ఊరి మీద పడింది. ఆ సమయానికి గర్భంతో ఉన్న 865 మంది మహిళలను తర్వాత సర్వే చేస్తే, 43 శాతం గర్భాలు బతికిన బిడ్డతో ముగియలేదు. ప్రాణాలతో బయటపడిన తల్లులు కూడా బిడ్డలను పోగొట్టుకున్నారు. విశాఖలో 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ లీకై 12 మంది చనిపోయినప్పుడు గర్భిణుల గురించి అంత ఆందోళన రావడానికి కారణం ఇదే. ఇలాంటి ప్రాంతాల్లో ఉన్న గర్భిణి తడి గుడ్డ ముక్కుకు పెట్టుకుని గాలికి అడ్డంగా దూరం వెళ్లాలి. ఇబ్బంది లేకపోయినా తర్వాత ఆస్పత్రిలో పేరు నమోదు చేయించుకుని, స్కాన్లు, బిడ్డ పుట్టాక పరీక్షలు వదలకుండా చేయించుకోవాలి.

దేనికి భయపడక్కర్లేదు?

ఇదంతా చదివి చేపలు మానేస్తే అది ఇంకో నష్టం. బిడ్డ మెదడుకు చేప మంచిది. పాదరసం పేరుకునేది పెద్ద సొర లాంటి, ఇతర చేపలను తిని బతికే వాటిలో. కవళ్లు, నెత్తళ్లు, చెరువుల్లో పెంచే శీలావతి, బొచ్చె నిశ్చింతగా తినొచ్చు. బంకులో పెట్రోల్ వాసన ఓసారి తగిలినంత మాత్రాన, పక్కింట్లో పెయింట్ వేసినంత మాత్రాన కంగారు పడాల్సిందేమీ లేదు. జుట్టు రంగు చర్మంలోంచి లోపలికి వెళ్లేది చాలా తక్కువ, అయినా మొదటి మూడు నెలలు ఆగితే మంచిదని డాక్టర్లు చెబుతారు. తగిలిందని తెలిసిన వెంటనే అబార్షన్ గురించి ఆలోచించడం అయితే అసలు వద్దు. చాలా సందర్భాల్లో బిడ్డకు ఏమీ కాదు, అది తేల్చాల్సింది పరీక్షలు.

మొదటి చెకప్‌లోనే ఏ పని చేస్తారో, భర్త ఏ పని చేస్తారో చెప్పండి. భర్త బ్యాటరీ షాపులోనో, బంగారం పనిలోనో, స్ప్రే పెయింటింగ్‌లోనో ఉంటే ఆ దుమ్ము బట్టలతో ఇంటికి వస్తుంది. చాలామంది డాక్టర్లు ఈ ప్రశ్న అడగరు, రద్దీలో అడిగే తీరికా ఉండదు. కాబట్టి మీరే చెప్పాలి. అనుమానం ఉంటే రక్తంలో సీసం పరీక్ష చేయించుకోవచ్చు. పల్లెల్లో అయితే ఆశా కార్యకర్తకో, ఏఎన్ఎంకో చెప్పినా సరే.

పురుగుమందు ఒంటి మీద పడితే బట్టలు విప్పేసి వెంటనే సబ్బుతో బాగా కడగాలి. మింగినట్టయితే బలవంతంగా వాంతి చేయించకూడదు. 108కి ఫోన్ చేసి గర్భిణి అని, ఎన్నో నెలో మొదటే చెప్పాలి. మందు డబ్బా పారేయకుండా వెంట తీసుకెళ్లాలి. దాని మీద ఎర్ర రంగు గుర్తు ఉంటే అత్యంత విషపూరితం అని అర్థం, విరుగుడు ఏంటన్నది కూడా ఆ లేబుల్ మీదే రాసి ఉంటుంది.